వంగగానే గీత చదునైపోతే: ఊడ్పుల చేలో వాడే ఈఎంజీ పెట్టె ఎలా కట్టుకోవాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. భీమవరం చుట్టుపక్కల ఊడ్పులకు వెళ్ళే ఆడవాళ్ళ నడుం కండరాలు ఎంత కష్టపడుతున్నాయో చేలోనే కొలవాలని ఒక ఈఎంజీ పెట్టె కట్టారు, అంటే కండరాల్లో పుట్టే కరెంటు సిగ్నలును చర్మం మీద నుంచి కొలిచేది. అందులో సిగ్నలును పెద్దది చేసే ఏడీ8232 మాడ్యూలు, దాన్ని చదివి పంపే ఈఎస్‌పీ32 బోర్డు ఉన్నాయి, డేటా బ్లూటూత్‌లో ఫోనుకు వెళ్తుంది. ల్యాబులో బాగానే పనిచేసింది. చేలో మాత్రం మనిషి పూర్తిగా వంగగానే తెరమీది సిగ్నలు గీత చదునైపోతోంది, అరగంట తర్వాత సిగ్నలు మొత్తం చిన్నదైపోతోంది, పక్కన రొయ్యల చెరువు ఏరియేటర్లు తిరుగుతుంటే కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద (హమ్ము) అంతా మింగేస్తోంది. చదునైపోవడం కండరం అలసటా, ఎలక్ట్రోడు (చర్మానికి అతికించే బిళ్ళ) ఊడడమా అని అడిగారు.

రెండూ కాకపోవచ్చు. మనిషి నిలబడి మెల్లగా ముందుకు వంగుతుంటే వెన్నుకు రెండు పక్కలా ఉండే ఎరెక్టర్ స్పైనే కండరాలు పైభాగం బరువును ఆపుతూ గట్టిగా పనిచేస్తాయి. వంగడం చివరికొచ్చేసరికి చాలామందిలో అవి దాదాపు పూర్తిగా ఊరుకుంటాయి. అప్పుడు ఆ బరువు వెన్ను లిగమెంట్ల (ఎముకలను కలిపే పట్టీల) మీద, డిస్కుల మీద, లోతున ఉండే కండరాల మీద పడుతుంది. దీన్ని ఫ్లెక్షన్ రిలాక్సేషన్ అంటారు, 1950ల నుంచీ తెలిసిన సంగతే. ఊడ్పులో మనిషి గంటల తరబడి ఉండేది సరిగ్గా ఆ భంగిమలోనే. కాబట్టి చదునైన గీతను చూసి నడుం మీద భారం లేదనుకోకూడదు. ఇది తెలియకుండా రోజంతటికీ సగటు తీస్తే ఊడ్పు తేలికపాటి పని అని మీ రిపోర్టులో తేలుతుంది. ఆ పని చేసేవాళ్ళకు అంతకంటే అన్యాయం ఉండదు.

అలాగని ప్రతి చదును గీతా కండరం ఊరుకోవడమేనని రాసెయ్యడానికీ లేదు. ఎలక్ట్రోడు నిజంగా ఊడినా, వైరు తెగినా తెరమీద కనిపించేది దాదాపు అదే. తేడా పట్టుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. నడుం మీద పెట్టిన ఎలక్ట్రోడ్లలో, ముఖ్యంగా ఎడమవైపు జతలో, గుండె సిగ్నలు కూడా కలిసి వస్తుంది. మామూలుగా దాన్ని చెత్తగా చూసి వడపోసేస్తారు. మీరు మాత్రం దాన్ని పారెయ్యొద్దు. చదునైన చోట గీతను పెద్దది చేసి చూడండి. సెకనుకు ఒకటీ రెండు చొప్పున చిన్న చిన్న ముళ్ళు క్రమంగా కనిపిస్తున్నాయంటే ఎలక్ట్రోడు ఒంటికి అంటుకునే ఉంది, కండరమే ఊరుకుంది. ముళ్ళు కూడా లేకపోతే, లేదా వాటి చోట హమ్ము ఎగసిపడుతుంటే, ఎలక్ట్రోడు సంగతి చూడాలి.

చేలో వాడే పెట్టెకు కండరం సిగ్నలు ఒక్కటీ రాయడం చాలదు. ఆ సిగ్నలును ఏ నిమిషంలో నమ్మొచ్చో, ఏ నిమిషంలో నమ్మకూడదో తేల్చే ఆధారాలు కూడా అదే ఫైల్లో ఉండాలి. ఎలక్ట్రోడు ఇంపిడెన్సు (ఎలక్ట్రోడుకూ చర్మానికీ మధ్య కరెంటుకు ఎదురయ్యే అడ్డు), నడుం వంపు, వడపోయని గుండె ముళ్ళు, మధ్యమధ్యలో ఒకే భంగిమలో తీసిన కొలత ఉండాలి. డిజైను మొత్తాన్ని దీని చుట్టూనే మళ్ళీ ఆలోచించండి.

ముందు ఏడీ8232 సంగతి. అది గుండె కోసం చేసిన చిప్పు. బజారులో దొరికే ఎర్ర బోర్డుల్లో ఫిల్టర్లు సుమారు 0.5 నుంచి 40 హెర్ట్జ్ వరకే వదులుతాయి. ఒంటిమీద నుంచి తీసే ఈఎంజీలో శక్తి ఎక్కువగా 50–150 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, పనికొచ్చే భాగం 500 దాకా వెళ్తుంది. అంటే మీకు కావలసిన దాన్ని ఆ బోర్డు గుమ్మంలోనే ఆపేస్తోంది. ఈఎస్‌పీ32లోని ఏడీసీ (సిగ్నలును అంకెలుగా మార్చే భాగం) కూడా ఈ పనికి చాలదు. నాయిసు ఎక్కువ, అంకె వోల్టేజీతో సమానమైన పాళ్ళలో పెరగదు.

నాలుగు ఛానళ్ళ ఏడీఎస్1294 చిప్పు తీసుకోండి. 24 బిట్ల ఏడీసీ, యాంప్లిఫయరు, హమ్మును తగ్గించడానికి ఒంటికి సిగ్నలు తిరిగి పంపే రైట్ లెగ్ డ్రైవు, ఎలక్ట్రోడు ఊడితే పట్టుకునే లీడ్ ఆఫ్ గుర్తింపు అన్నీ అందులోనే ఉన్నాయి. గెయిన్ (సిగ్నలును ఎన్ని రెట్లు పెంచాలో) 6 పెట్టండి. 12 పెట్టాలనిపిస్తుంది కానీ 2.4 వోల్టుల రిఫరెన్సుతో అప్పుడు ప్లస్ మైనస్ 200 మిల్లీవోల్టులే పడతాయి. చెమటపట్టిన చర్మం మీద ఎలక్ట్రోడ్ల మధ్య డీసీ (నిలకడగా ఉండే వోల్టేజీ) తేడా అంతకు మించితే ఛానలు పైకెళ్ళి అతుక్కుపోతుంది. గెయిన్ 6లో ప్లస్ మైనస్ 400 మిల్లీవోల్టులు తట్టుకుంటుంది, అప్పటికీ ఒక మెట్టు 48 నానోవోల్టులే. పెద్దగా బిగించినా ఒంటిమీద ఈఎంజీ కొద్ది మిల్లీవోల్టులు, నెమ్మదిగా పనిచేసేటప్పుడు పదుల మైక్రోవోల్టులు. రెండింటికీ సరిపోతుంది. హార్డ్‌వేరులో హైపాస్ ఫిల్టరు (నెమ్మదిగా మారే భాగాన్ని తీసేసేది) పెట్టకండి. డీసీతో సహా రాసుకుంటే ఇంటికొచ్చాక ఎలా కావాలంటే అలా వడపోసుకోవచ్చు, గుండె ముళ్ళు కూడా మిగులుతాయి.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. సెకనుకు 1000 శాంపిళ్ళు (కొలతలు) తీస్తే 500 హెర్ట్జ్ వరకు వచ్చేసినట్టే అనుకుంటారు. ఈ చిప్పులోని డిజిటల్ ఫిల్టరు శాంపిల్ రేటులో 0.262 వంతు దగ్గరే 3 డెసిబెళ్ళు, అంటే సుమారు 70 శాతానికి, దిగిపోతుంది. అంటే 1000కి 262 హెర్ట్జే. 2000 పెట్టండి, 524 వస్తుంది.

రెండో గుంట గడియారం. చిప్పులోని సొంత ఆసిలేటరు గది ఉష్ణోగ్రత దగ్గరే అర శాతం అటూ ఇటూ ఉండొచ్చు. గంటకు 18 సెకన్లు! వీడియోలో మనిషి నిలబడి ఉంటే మీ గ్రాఫులో వంగి ఉంటుంది. 2.048 మెగాహెర్ట్జ్ బయటి క్రిస్టల్ ఆసిలేటరు ఇవ్వండి. 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతుల) తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లే. రికార్డు మొదట, చివర కెమెరా ముందు యాక్సిలరోమీటరును (వంపును, కదలికను కొలిచే భాగాన్ని) మూడుసార్లు వేలితో కొడితే అందులో మూడు ముళ్ళు పడతాయి, రెండు చివర్లూ కలిపేసుకోవచ్చు.

ప్రతి ఇన్‌పుట్ వైరులోనూ 47 కిలోఓమ్‌ల రెసిస్టరు ఉండాలి. చిప్పు లోపల ఏదైనా కాలి 3.3 వోల్టులు నేరుగా రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పడినా, రెండు రెసిస్టర్లు కలిసి కరెంటును 35 మైక్రో ఆంపియర్ల దగ్గర ఆపుతాయి. నాయిసు ఒక మైక్రోవోల్టు లోపే పెరుగుతుంది, అది ఇవ్వదగిన ధరే. జత మధ్య 100 పికోఫారడ్ల సీ0జీ రకం (వేడికి విలువ మారని) కెపాసిటరు చాలు. ఒక్కో వైరు నుంచి గ్రౌండుకు పెద్ద కెపాసిటర్లు పెట్టొద్దు, రెండువైపులా కొంచెం తేడా వస్తే హమ్మును మీరే సిగ్నలుగా మార్చుకున్నట్టవుతుంది. రైట్ లెగ్ డ్రైవు వైరుకు 390 కిలోఓమ్‌లు పెట్టండి, ఎప్పుడైనా 10 మైక్రో ఆంపియర్లు దాటదు.

లీడ్ ఆఫ్ గుర్తింపును ఏసీ పద్ధతిలో పెట్టుకుంటే చిప్పు శాంపిల్ రేటులో నాలుగో వంతు దగ్గర, అంటే 500 హెర్ట్జ్ దగ్గర, 6 నానో ఆంపియర్ల చిన్న కరెంటు పంపుతుంది. మీ ఈఎంజీని 450 దగ్గర ఆపేస్తారు కాబట్టి దానికి అడ్డు రాదు. 50 కిలోఓమ్‌లు ఉంటే సుమారు 300 మైక్రోవోల్టులు కనిపిస్తుంది. మీ రెసిస్టర్ల వాటా ముందే కొలిచి తీసెయ్యండి. దీనితో ప్రతి సెకనుకూ ప్రతి జత ఇంపిడెన్సు ఎంతో ఫైల్లో పడిపోతుంది.

బ్లూటూత్‌లో మొత్తం డేటా పంపే ఆలోచన మానుకోండి. మనిషి వంగినప్పుడు ఫోనుకూ పెట్టెకూ మధ్య ఒళ్ళే అడ్డం, ఒళ్ళంతా నీరే. 2.4 గిగాహెర్ట్జ్‌ను అది పీల్చేస్తుంది. ఎస్‌డీ కార్డులో రాయండి, బ్లూటూత్‌ను బ్యాటరీ, ఇంపిడెన్సు చూపించడానికే ఉంచండి. ఏడీఎస్1294 ఒక్కో శాంపిలుకు 15 బైట్లు ఇస్తుంది. సెకనుకు 30,000 బైట్లు, నాలుగు గంటలకు 432 మెగాబైట్లు. ఫైలు చోటు ముందే కేటాయించి, 512 బైట్ల గుణకాల్లో రాయండి. కార్డు ఒక్కోసారి పావు సెకను దాకా బిజీ అయిపోతుంది. ఆ సమయంలో శాంపిళ్ళు పోకుండా కనీసం 32 కిలోబైట్ల రింగ్ బఫరు (డేటాను తాత్కాలికంగా దాచే చోటు) ఉంచండి. కార్డు రాసేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. అనలాగుకూ కార్డుకూ ఒకే రెగ్యులేటరు ఉంటే గ్రాఫులో క్రమం తప్పకుండా ముళ్ళు పడతాయి, వాటిని గుండె ముళ్ళని పొరపడతారు. రెండు ఎల్‌డీఓ రెగ్యులేటర్లు విడివిడిగా పెట్టండి. మొత్తం 30–40 మిల్లీ ఆంపియర్లకు మించకపోతే ప్రొటెక్షన్ సర్క్యూటున్న 500 మిల్లీ ఆంపియర్ అవర్ లిథియం పాలిమర్ బ్యాటరీ ఒక పూటకు హాయిగా వస్తుంది.

ఎలక్ట్రోడ్లు పెట్టే చోటు: ఒకటో లంబార్ (నడుం) వెన్నుపూస వెనక్కి పొడుచుకొచ్చే ఎముక కొన నుంచి పక్కకు రెండు వేళ్ళ వెడల్పు, నిలువుగా ఒకదాని కింద ఒకటి, మధ్యల మధ్య దూరం 20 మిల్లీమీటర్లు. ఇది రవికె అంచుకు కింద, లంగా బొందుకు పైన వస్తుంది కాబట్టి గుడ్డ రాపిడి తక్కువ. మామూలు ఈసీజీ ఎలక్ట్రోడ్లు 40 మిల్లీమీటర్ల పైనే ఉంటాయి, 20 దూరంలో పట్టవు. చిన్నపిల్లలకు వాడే 24 మిల్లీమీటర్లవి తెచ్చి, ఎదురెదురుగా ఉండే అంచులు కత్తిరించి, మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. అతికించేటప్పుడు ఆమెను కొంచెం ముందుకు వంగి ఉండమనండి. నిటారుగా నిలబెట్టి అతికిస్తే, వంగగానే నడుం చర్మం సాగి అంచులు లేస్తాయి. వైర్లకు కూడా ఆ సాగుదలకు సరిపడా చిన్న మెలిక వదిలి, మెలిక పక్కనే టేపు వెయ్యండి. ఒంటిమీద పసుపు, కొబ్బరినూనె ఉంటే ఏ జిగురూ నిలవదు. సబ్బునీళ్ళతో తుడిచి ఆరనిచ్చి, స్పిరిట్‌లో తడిపిన గాజు గుడ్డతో చర్మం కాస్త ఎర్రబడేదాకా రుద్ది, మళ్ళీ పూర్తిగా ఆరాకే పెట్టండి. అతికించేది ఆడమనిషే కావాలి. దానికి తలుపున్న గది కూడా చూసుకోండి, గట్టుమీద చేసే పని కాదది. మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి, వాళ్ళకు అర్థమయ్యే తెలుగులో సమ్మతి పత్రం రెండూ ముందే ఉండాలి. రికార్డింగు కోసం పని నెమ్మదించి కూలి పోగొట్టుకునే పరిస్థితి వాళ్ళకు రానివ్వకండి.

ఇక అరగంటకు సిగ్నలు చిన్నదైపోవడం. దీన్ని అలసట అని రాయొద్దు. ఒకే బలంతో పట్టి ఉంచిన కండరం అలసిపోతే సాధారణంగా సిగ్నలు పరిమాణం పెరుగుతుంది, మధ్యస్థ ఫ్రీక్వెన్సీ (సిగ్నలు శక్తిని సరిసగంగా విడగొట్టే ఫ్రీక్వెన్సీ) దిగుతుంది. మీకు పరిమాణమే పడిపోతోంది. దాదాపు ఖాయంగా అది చెమట. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉప్పునీటి పొర పరుచుకుంటే రెండింటినీ కలిపేసినట్టే, తేడా సిగ్నలు తగ్గిపోతుంది. ఇందులో మోసం ఏమిటంటే, అప్పుడు ఇంపిడెన్సు చాలా తక్కువ చూపిస్తుంది, పెట్టె ‘అంతా బాగుంది’ అంటుంది. అందుకే ఇంపిడెన్సుకు పై హద్దే కాదు, కింది హద్దు కూడా పెట్టాలి. అతికించిన పది నిమిషాలకు, జెల్ చర్మంలోకి ఇంకి నిలకడ వచ్చాక, ఉన్న విలువలో సగానికి దిగితే ఆ నిమిషాలకు అనుమానపు గుర్తు వెయ్యండి. గుండె ముళ్ళు ఇక్కడ మళ్ళీ సాక్ష్యం చెబుతాయి. ఒకే భంగిమలో ఈఎంజీతో పాటు ముల్లు ఎత్తు కూడా అదే పాళ్ళలో తగ్గిందంటే తప్పు కండరానిది కాదు.

చెమటను ఆపలేం, మళ్ళించగలం. ఎలక్ట్రోడ్ల మధ్య ఖాళీలో చర్మానికి బ్యారియర్ ఫిల్ము ద్రవం పూసి ఆరనివ్వండి. నీరు చొరని పారదర్శక డ్రెస్సింగును ఒక్కో ఎలక్ట్రోడుకు విడిగా వెయ్యండి. రెండూ కలిపి ఒకే ఫిల్ముతో కప్పితే దాని కింద చెమట మడుగు కడుతుంది. ముందు ల్యాబులో పరీక్షించుకోండి. లీటరు నీళ్ళలో 5 గ్రాముల ఉప్పు కలిపి, ఒకే భంగిమలో నిలబడి ఉండగా ఎలక్ట్రోడ్ల మధ్య దూదితో తడపండి. సిగ్నలు ఎంత పడిపోతుందో కళ్ళారా చూస్తారు. వీలుంటే మొదటి చేను పరీక్షలు దాళ్వా (రెండో పంట) ఊడ్పుల్లో, డిసెంబరు–జనవరి ఉదయాల్లో పెట్టుకోండి. సార్వా (వానాకాలం పంట) ఊడ్పుల ఉక్కలో పెట్టెనూ చెమటనూ ఒకేసారి నేర్చుకోవడం కష్టం.

హమ్ముకు 50 హెర్ట్జ్ నాచ్ ఫిల్టరు (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే తీసేసేది) పెట్టొద్దు. ఈఎంజీ బలంగా ఉండే చోటే అది. హమ్ము అన్ని ఛానళ్ళలో ఒకేలా ఉంటే రైట్ లెగ్ డ్రైవు వైరు కలిసే రిఫరెన్సు ఎలక్ట్రోడు చూడండి, అది నడుం ఎముక అంచు మీద గట్టిగా ఉండాలి. ఒక్క ఛానల్లోనే ఉంటే ఆ జతలో ఒక ఎలక్ట్రోడు లేచింది. చేలో నీళ్ళలో నిలబడినప్పుడు ఒళ్ళు భూమికి కలిసే ఉంటుంది కాబట్టి హమ్ము తరచు తక్కువే. గట్టెక్కి రబ్బరు చెప్పులు వేసుకోగానే పెరిగితే కంగారుపడొద్దు. వైర్లు జతలుగా మెలిపెట్టి వీలైనంత పొట్టిగా ఉంచితే సగం గొడవ తీరుతుంది. కరెంటు మోటార్ల వైర్లు నీళ్ళలో నానుతున్న చోట మాత్రం ఏ రికార్డింగూ వద్దు, మనిషిని ఆ పక్కకే పంపకండి. ఛార్జింగులో ఉన్నప్పుడు, యూఎస్‌బీతో ల్యాప్‌టాపుకు కలిపి ఉన్నప్పుడు పెట్టె ఎవరి ఒంటిమీదా ఉండకూడదు. ఛార్జరు పిన్ను పెట్టగానే ఇన్‌పుట్లు ఆగిపోయేలా సర్క్యూటులోనే కట్టెయ్యండి.

పెట్టెను నడుముకు కట్టొద్దు, వంగితే బురదనీళ్ళకు దగ్గరవుతుంది. ఊడ్పుకు చాలామంది చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకుంటారు కదా, దాని లోపల రెండు భుజపు పలకల మధ్య, 100 గ్రాముల లోపు బరువుతో ఉంటే పనికి అడ్డురాదు, వైరూ పొట్టిగా ఉంటుంది. ఎండకు వేడెక్కిన మూసిన పెట్టె మీద చల్లటి నీరు పడితే లోపలి గాలి కుంచించుకుని సీలు సందుల్లోంచి నీటిని లాక్కుంటుంది. గాలి మాత్రమే వదిలే వెంట్ మెంబ్రేను పెడితే ఈ బెడద ఉండదు. మీటరు లోతు నీళ్ళలో అరగంట ముంచి చూశాకే చేలోకి తీసుకెళ్ళండి. వేడిచేసి వెంటనే ముంచే పరీక్ష కూడా తప్పకుండా చెయ్యండి.

నడుం వంపు కోసం రెండు యాక్సిలరోమీటర్లు కావాలి. ఒకటి ఎలక్ట్రోడ్లకు కాస్త పైన వెన్నుమీద, ఇంకొకటి త్రికాస్థి (నడుం కింద, తుంటి ఎముకల మధ్య ఉండే ఎముక) మీద. ఒక్కటే ఉంటే తుంటి దగ్గర వంగిందో నడుమే వంగిందో తెలియదు. రెండింటి కోణాల తేడాయే నడుం వంపు. సెకనుకు 100 శాంపిళ్ళు చాలు.

పరిమాణాన్ని మనిషికీ మనిషికీ పోల్చాలంటే ఒక కొలబద్ద కావాలి. పూర్తి బలంతో నడుం లాగించే పరీక్ష ఈ పనివాళ్ళకు వద్దు, ఉన్న నొప్పి పెరగొచ్చు. మోకాళ్ళు నిటారుగా, ఒళ్ళు 30 డిగ్రీలు వంచి, రెండు చేతుల్లో చెరొక లీటరు నీళ్ళ సీసా వేలాడదీసి 15 సెకన్లు ఉండమనండి. నిమిషం విరామంతో మూడుసార్లు. కోణం యాక్సిలరోమీటరులోనే చూసుకోండి. ఇదే పరీక్ష టీ విరామంలో, పని ముగిశాక మళ్ళీ చెయ్యాలి. మధ్యస్థ ఫ్రీక్వెన్సీని ఈ 15 సెకన్లలోనే లెక్కకట్టండి. కదిలే కండరంలో అది అలసట గురించి నమ్మకంగా చెప్పదు. పరీక్షలో పరిమాణం మొదటిదానికంటే 25 శాతానికి మించి పడిపోతే ఆ మధ్యలోని పరిమాణాలన్నీ పక్కన పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

లెక్కల దగ్గరికొస్తే, నడుం జతలకు 30 నుంచి 450 హెర్ట్జ్ మధ్యదే వదిలే బ్యాండ్‌పాస్ ఫిల్టరు వాడండి. 30 దగ్గర మొదలుపెడితే గుండె వాటా చాలా తగ్గుతుంది. ఆపైన 100 మిల్లీసెకన్ల కిటికీతో ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం, అంటే సిగ్నలు పరిమాణం) తీయండి. సగటు ఒక్కటే ఇవ్వకుండా 10, 50, 90 శాతాల విలువలు, అంటే అంత శాతం సమయం పరిమాణం ఏ విలువ లోపు ఉందో, ఇవ్వండి. వాటిని నడుం వంపు బట్టి విడగొట్టండి: నిటారుగా, సగం వంగి, పూర్తిగా వంగి. పూర్తిగా వంగి, కండరం ఊరుకుని, ఎలక్ట్రోడు బాగానే ఉన్న నిమిషాలు ఎన్నో వేరుగా రాయండి. లిగమెంట్లు మోసిన కాలం అదే, మీ రిపోర్టులో అన్నిటికంటే విలువైన అంకె కూడా.

ఒంటిమీద పెట్టేముందు ఇన్‌పుట్లన్నీ కలిపేసి నిమిషం రికార్డు చెయ్యండి. 20–450 బ్యాండులో 2 మైక్రోవోల్టుల ఆర్‌ఎంఎస్ దాటితే బోర్డులో తప్పుంది. తర్వాత 100 కిలోఓమ్, 100 ఓమ్ రెసిస్టర్లతో సిగ్నల్ జనరేటరు వోల్టును సుమారు వెయ్యో వంతు చేసి, 10 నుంచి 600 హెర్ట్జ్ వరకు తిప్పి చూడండి. 262 దగ్గరే సిగ్నలు దిగిపోతుంటే శాంపిల్ రేటు రిజిస్టరు తప్పు రాశారు.

ఇప్పటికే తీసిన రికార్డులు వాడొచ్చా అని చివర్లో అడిగారు. కండరం సిగ్నలు పరిమాణానికి వాడకూడదు, 40 హెర్ట్జ్ పైన పోయినది తిరిగి రాదు. కానీ ఆ బోర్డు వదిలిన 0.5–40 హెర్ట్జ్‌లో గుండె సిగ్నలు ఉంటుంది. ఎలక్ట్రోడు నిలిచి ఉన్న భాగాల్లో గుండె వేగం తీసి, మీ దగ్గరున్న వీడియోతో కలిపి, వంగి ఉన్నప్పుడు ఎంత, ఆకు (నారు) కట్టలు మోసేటప్పుడు ఎంత అని పట్టిక వేసుకోండి. కొత్త పెట్టె తయారయ్యేలోపు ఏ పనులను ముందు కొలవాలో అది చెబుతుంది.